అర ఛానలు

పదునొకండు దినములనుండి మా నడిమిగదిలోని పంకా నా యధీనమున లేదు. పగలెల్ల కాగిన సూర్యాపేట గోడలు 44 డిగ్రీల యెండను కడుపులో దాచుకొని, రాత్రి తొమ్మిదింటికి తీరికగా గదిలోనికి విడుచు వేళ, ఏబది గ్రాములైనను తూగని యొక రేకుబొమ్మ గాలిలో నిలువవలె నను నియమముచేత, సకుటుంబముగా పంకా నాపుకొని, కిటికీలు బిగించుకొని, చెమటలు గార్చుచు కూర్చుండుటకంటె ఘోరమైన తపస్సు ఏ పురాణముని చేసెనో నాకు తెలియదు. చేసినవానికి దేవత ఎదుటనైన నిలిచియుండును. మా దేవత లేచిన తోడనే ఎడమకు తిరిగి తలుపుసందులోనికి పోవును.

హెలికాప్టరు మనుమని కొఱకు కొంటినని అందఱితో చెప్పితిని. అందఱును నమ్మినట్లు నటించిరి. ఆ ఘట్టము నింతటితో విడుతును.

కొనుటయే యొక తీర్థయాత్ర యైనది. సూర్యాపేటలో మొదటి యంగడివాడు రిమోటు లేని బొమ్మను చూపి, “చెయ్యి కింద పెడితే లేస్తది సార్, రిమోట్ ఎందుకు?” అనెను. చేయి క్రింద చేరిననే గాని లేవని ప్రాణులను ఉద్యోగకాలమున కావలసినంతమందిని చూచితిని గావున, అట్టిదానిని డబ్బిచ్చి యింటికి తెచ్చుకొనుట అనావశ్యకమని తోచినది. బంధువుల పెండ్లికి కోదాడ పోయినపుడు అక్కడి యంగడివాడు నన్ను ఆపాదమస్తకము చూచి, “హెలికాప్టర్ ఇప్పుడెవరు కొంటున్రు సార్? డ్రోన్ తీస్కోండ్రి. నాలుగు రెక్కలు. చేతులిడిసినా ఆడ్నే నిలబడతది” అనెను. తనంతట తాను నిలుచుదానిని ఎగురవేయుటలో నా ప్రజ్ఞ యేమున్నదని ఆనాడు గర్వించితిని. ఆ గర్వము నేటికి నిశ్శేషముగా దిగినది. మా మండలములలో వరిపొలములమీద మందు చల్లు డ్రోనులను పొదుపుసంఘముల స్త్రీలు కూడ నేర్చి నడుపుచున్నారని విన్నపుడెల్ల ఇంకొక మెట్టు దిగుచున్నది. 2021 నాటి డ్రోను నియమములు 250 గ్రాములు మించని వాటిని వినోదమునకు ఎగురవేయువారిని లైసెన్సు అడుగవు. అడిగియున్న బాగుండెడిది, నన్ను మొదటనే ఆపియుందురు.

మిర్యాలగూడలో, దుమ్ము తుడిచిన గాని బొమ్మ కనబడని పెట్టె నొకదానిని అటకనుండి దింపించి, అంగడివాడు మంత్రము చదివినట్లు చదివెను: “మూడున్నర ఛానల్ సార్. మెటల్ బాడీ. గైరో ఉన్నది. పడ్డా పల్గదు.”

మూడు ఛానళ్లు నా కర్థమైనవి. ఒకటి పైకి క్రిందికి. రెండవది ముక్కు కుడికి నెడమకు. మూడవది ముందునకు వెనుకకు. పక్కకు జరుగు విద్య కావలెనన్న నాలుగవ ఛానలుండవలెను. అది నేర్చినవారి వస్తువు. మఱి యీ అర యేమని యడిగితిని. అతడు రిమోటు మూలనున్న యొక బొత్తాము నొక్కెను. బొమ్మ ముక్కుమీద నొక యెఱ్ఱదీపము మినుకుమనెను. “గదే సార్ అర” అనెను.

ఆ దినము మొదలు ఆ అర నన్ను విడువలేదు. ఆలోచించి చూడగా, నిండుసంఖ్యలు లెక్కల పుస్తకములకే గాని లోకయాత్ర నడుచుట అరలమీదనే యని తేలినది. మా ప్రయాణమునే చూడుడు. కోదాడనుండి హుజూర్‌నగర్, నేరేడుచర్లల మీదుగా మిర్యాలగూడకు మేము ముగ్గురము పల్లెవెలుగు బస్సులో పోతిమి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి ఆడువారికి ప్రయాణ ముచితము గావున మా యింటిదానికి సున్న టికెట్టు. పండ్రెండేండ్లు నిండని మనుమనికి అర టికెట్టు. నాకు నిండు టికెట్టు. ముగ్గురు మనుష్యులు కూడి ఒకటిన్నర యైరి. అందు సున్నకు కిటికీప్రక్క సీటును, అరకు దాని ప్రక్క సీటును, నిండుటికెట్టునకు కమ్మి పట్టుకొని నిలుచు భాగ్యమును లభించినవి.

మిర్యాలగూడ బ్రతుకే అరమీద నున్నది. ఊరిచుట్టు పొగగొట్టము లెత్తిన మిల్లులలో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి, పిమ్మట ఆడించి, ఉప్పుడు బియ్యము చేయుదురు. అనగా కుండ యెక్కకముందే సగ ముడికిన బియ్యమన్నమాట. చేయువారు మనము, తినువారు ఇతర రాష్ట్రములవారు, ఎందుల కీ సగము వంట యని టీకొట్టువద్ద నొక మిల్లు గుమాస్తా నడుగగా, “యాసంగి వడ్లు సార్. ఎండలకు పచ్చిగ ఆడిస్తే అంత నూకనే. జర ఉడికితే గింజ నిలుస్తది” అనెను. పచ్చిది విఱిగి నూక యగును. సగ ముడికినది నిండుగింజయై నిలుచును. ఇందులో నేదో వేదాంతమున్నదని తోచెను గాని, మనుమడు అంగడివైపు చేయి లాగుచుండుటచే ఆ వేదాంతమును సగములోనే నిలిచినది. ఈ సగ ముడికిన బియ్యమును కొందుమా కొనమా యని 2021-22 లో కేంద్రరాష్ట్రములు కలహించుటయు, 2022 ఏప్రిలులో ముఖ్యమంత్రియే ఢిల్లీకి పోయి ధర్నా చేయుటయు లోకవిదితము. ఢిల్లీని కదలించిన అర నన్ను కదలించుట యొక లెక్కయా?

దేవతలును అరకు అతీతులు గారు. కృష్ణ యొడ్డున మట్టపల్లిలోను, కృష్ణామూసీసంగమమున వాడపల్లిలోను వెలసిన స్వామి ఎవరు? సగము నరుడు, సగము సింహము. పగలు గాని రాత్రి గాని వేళ, లోపల గాని వెలుపల గాని చోట, గడపమీద కార్యము చక్కబెట్టినవాడు. నిండుమనుష్యునిచేతను నిండుమృగముచేతను కాని పని అర చేసినది. పైగా వాడపల్లి గర్భగుడిలో రెండు దీపములుండుననియు, స్వామి ముక్కు నెదుట నున్నది ఆయన యూపిరికి రెపరెపలాడుచుండ, రెండవది నిశ్చలముగా వెలుగుననియు భక్తులు చెప్పుదురు. బొమ్మ ముక్కుమీద మినుకుమను దీపమును చూచి నాకీ సంగతి స్ఫురింపగా, ఆపుకొనలేక ఇంటిదానితో నంటిని. “గట్ల పోల్చకుండ్రి, కండ్లు పోతయి. లెంపలేస్కోండ్రి” అనెను. వేసికొంటిని. రెండు గాదు, ఒకటే, అనగా అర.

ఇంత పెంచవలసిన సంగతి గాదని నేనెఱుగుదును. ఏలయనగా ఆ బొత్తాము మూడవనాడే పనిచేయుట మానినది. ఇప్పుడు మాది వట్టి మూడు ఛానళ్లది.

ఇక నెగురుట. రెక్క యొకవైపు తిరిగిన, దానిని మోయు శరీరము రెండవవైపునకు తిరుగజూచుట ప్రకృతిధర్మము. 1939 లో ఇగోర్ సికోర్‌స్కీ తన యంత్రమును నేలనుండి లేపినపుడు, తోకకు నిలువుగా నొక చిన్నరెక్క తగిలించి ఆ తిరుగుడు నరికట్టెను. మా బొమ్మలో ఒకే యిరుసుమీద రెండు జతల రెక్కలు ఒకదాని కొకటి యెదురుగా తిరుగుచు, ఒకదాని పొగరు నొకటి యణచును. దీనికొక గార్హస్థ్యోపమానము వ్రాసి, ఇంటిది చదువునను భయముచే కొట్టివేసితిని. తోకరెక్క యిందు వెల్లకిల పరుండి ముందువెనుకల నడకను మాత్రము చూచుకొనును. రెండు జతలకు రవంత వేగభేదమున్నను బొమ్మ గిరగిర తిరుగును. దానిని దిద్దుటకు రిమోటుమీద ట్రిమ్ము అను చెవి కలదు. ఆ చెవిని పదునొకండు దినములనుండి మెలిపెట్టుచున్నాను. బడిలో నా చెవి నింత మెలిపెట్టియున్న నేను కలెక్టరు నైయుందును.

దీని రిమోటు టీవీ రిమోటు వంటిదే. కంటికి కనబడని పరారుణకిరణములతో మాటలాడును. ఎండలో నా కిరణములే కొల్లలుగా నుండుటచే, జాతరలో పిలిచిన పిలుపువలె రిమోటు మాట బొమ్మకు వినబడదు. అందుచే ఆరుబయట పనికిరాదు; ఇంటిలోనే ఆడవలెను. ఇంటిలో పంకా గాలికి నిలువదు, పంకా ఆపవలెను. ఈ రెండు వాక్యములు పెట్టెమీద పెద్దయక్షరములతో వ్రాయవలసినవి. వ్రాయలేదు. వ్రాసినదెల్ల, ఆకాశమున మేఘముల నడుమ హెలికాప్టరు నడుపుచు నవ్వుచున్న యొక బాలుని బొమ్మ. ఆ బాలుని నేనొకసారి కలిసికొనవలెను.

ముప్పాతిక గంట ఛార్జి త్రాగి ఆరు నిమిషములు పనిచేయును. ఆ యాఱింటిలో నాలుగు నేను దానిని మంచముక్రిందనుండి తీయుటకు చెల్లును. నేలకు జానెడెత్తున నుండుట క్షేమమని పిఱికివాడనుకొనును గాని, అక్కడ దాని గాలియే నేలకు గొట్టుకొని మరలివచ్చి దానిని తూలించును; ధైర్యము చేసి నడుమెత్తునకు లేపినవానికే నిలుకడ. పోనీ యని ధైర్యము మితిమీరిన, పైకప్పుచేరువ గాలి పలుచబడి, బొమ్మ కప్పు నంటుకొని గబ్బిలమువలె క్రిందికి రానని మొరాయించును. పడబోవునప్పుడు పైకెత్తు థ్రాటిలును సున్నకు దింపవలె నని శాస్త్రము. దింపనిచో రెక్కలు కుర్చీకాలిని నఱుకుచునే యుండును. పడుచున్నవాడు ఇంకను పైకెగయ జూచుట మానవస్వభావము గావున నేను ప్రతిసారియు పైకే నెట్టితిని. ఫలితముగా క్యాలెండరులో ఏకాదశి పోయినది. మామిడికాయ జాడిమీది వాసెనగుడ్డ చినిగినది. నా కండ్లద్దముల కొక గీత వచ్చినది. ఐదవనాడు క్రొత్తరెక్కలు వేసితిని. వానిమీద ఏ, బీ యని అక్షరములుండును. ఒకటి పైజతకు, ఒకటి క్రిందిజతకు. నేను తారుమారుగా బిగించి, రెక్కలన్నియు తిరుగుచు బొమ్మ మాత్రము కదలకుండుటకు అరగంటసేపు మోటారును, చేసిన దేశమును, అమ్మిన యూరును తిట్టితిని. పాలుపోయ వచ్చినవాడు చూచి అక్షరములు చదివి చెప్పెను. వచ్చినవారెల్లరును ఏదో యొకటి చెప్పుదురు. పంకా మాత్రము వేయనీయవా యని యందఱును నన్నే చూతురు.

మనుమడు పావుగంటలో నేర్చెను. భోజనపు బల్లచుట్టు మూడుమారులు త్రిప్పి, నీళ్లచెంబు ప్రక్కన పువ్వువలె దింపి, “అయిపోయింది తాతా” అని రిమోటు నా చేతబెట్టి ఫోను తీసికొనెను. అతనికి అయిపోయినది. నాకది యింకను మొదలు గాలేదు.

ఇప్పుడు నాకును గాలిలో నిలుపుట వచ్చినది. కాని తోక నావైపుండువఱకే. అప్పుడు దాని కుడి నా కుడి, దాని యెడమ నా యెడమ. అది ముక్కు నావైపు త్రిప్పిన క్షణమున సర్వమును తలక్రిందులగును, నేను కుడి యనుకొని త్రిప్పిన అది నా కన్నులయెదుటనే ఎడమకు జరుగును, తప్పు దానిదే యనుకొని ఇంకను గట్టిగా త్రిప్పుదును, గోడకు కొట్టుకొనును. మొన్న నిట్లు నాలుగవమారు కొట్టినపుడు మనుమడు ఫోనునుండి తలయెత్తకయే, “బయట నుంచి చూడకు తాతా. అండ్ల నువ్వే కూసున్నట్టు అనుకో” అనెను.

ఈ మనుమని తండ్రికి సద్దులచెరువు కట్టమీద సైకిలు నేర్పిన దినములలో వాని వీపు నావైపుండెడిది. కుడి యన్న కుడికే త్రిప్పెడివాడు. పదునేడవ యేట వాడు నావైపు తిరిగి, నేను చదువుమన్న చదువు చదువనని చెప్పెను. నా కుడి వాని కెడమ యని నాకు తోచలేదు. ఇంకను గట్టిగా త్రిప్పితిని. ఇప్పుడు హైదరాబాదునుండి ఆదివారములందు ఫోను చేయును, ఎండ లెట్లున్నవని యడుగును, మందులు వేసికొంటివా యని యడుగును, తల్లికిమ్మనును. వాడు మంచివాడే. వానిలో నేను కూర్చున్నట్లు ఒక్కనాడైనను అనుకొని యుండవలసినది. ఈ కిటుకు చెప్పువారు ఆనాడు లేకపోయిరి, వీడప్పటికి పుట్టలేదు.

నిన్నరాత్రి బొమ్మ మొదటిసారి ముక్కు నావైపు త్రిప్పుకొని, జంకుచు, ఊగుచు, గోడను విడిచి నావైపు వచ్చినది. నేను ఊపిరి బిగబట్టి దానిలో కూర్చుంటిని. సరిగా నా మోకాలి యెదుట నిలిచినది. వెనుకనుండి పంకా స్విచ్చు చెంత గాజుల చప్పుడైనది.

“అయిపోయిందా అండి? ఫ్యానెయ్యనా? ఇప్పటికే సగం ఉడికినం.”

సగ ముడికిన గింజయే నిలుచునని నోటిదాక వచ్చినది గాని, చేతులు ఖాళీ లేనపుడు వేదాంతము చెప్పరాదని మ్రింగితిని.

“ఇంకొక్క అర నిమిషము” అంటిని.