తొమ్మిది పిన్నుల గండం

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ప్రాసెసర్, మదర్‌బోర్డు, క్యాబినెట్ అన్నీ కొని బిల్లు కడుతుంటే కౌంటర్ దగ్గర కుర్రాడు అడిగాడు, "బిగించి ఇచ్చేయమంటారా సార్? ఐదొందలు." నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. సీలింగ్ ఫ్యానుకి కెపాసిటర్ మార్చినవాణ్ణి, మిక్సీ విప్పి మళ్లీ బిగించినవాణ్ణి (రెండు స్క్రూలు మిగిలాయనుకోండి, అది వేరే సంగతి). "అక్కర్లేదు బాబూ" అన్నాను. కుర్రాడు నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం ఆదివారం రాత్రి పదకొండింటికి తెలిసింది.

ఖరీదైన పనులన్నీ ఇట్టే అయిపోయాయి. మూలనున్న చిన్న త్రికోణం చూసి పెడితే ప్రాసెసర్ దానంతటదే ఒదిగిపోయింది. ర్యామ్ టక్కుమని కూర్చుంది. అప్పటికి సాయంత్రం నాలుగు. ఇక మిగిలింది క్యాబినెట్‌లో సేమ్యాలా వేలాడుతున్న సన్న తీగలు. "పది నిమిషాల్లో అయిపోతుంది, టీ పెట్టు" అని వంటింట్లోకి కేకేశాను.

బోర్డు కింది అంచున, కుడి మూల, రెండు వరుసల్లో తొమ్మిది పిన్నులుంటాయి. పదోది ఉండాల్సిన చోట ఖాళీ. పిన్నుకీ పిన్నుకీ దూరం 2.54 మిల్లీమీటర్లు, మధ్య సందులో ఆవగింజ దూరితే గొప్ప. పవర్ బటన్, రీసెట్ బటన్, పవర్ లైటు, హార్డ్‌డిస్క్ లైటు, నాలుగు కాపురాలూ ఆ ఒక్క ఇంట్లోనే పెట్టాలి. ఎవరి గది ఏదో పక్కనే రాసి ఉంటుంది. నుమాయిష్‌లో బియ్యపుగింజ మీద పేర్లు రాసిచ్చేవాళ్లకి ఆ కాంట్రాక్టు ఇచ్చినట్టున్నారు. ఫోన్ టార్చి పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మళ్లీ దించి, చివరికి ఫోటో తీసి పెద్దది చేసి చదువుకున్నాను.

స్విచ్చులకి ప్లస్సూ మైనస్సూ పట్టింపు లేదు. ఎటు పెట్టినా పనిచేస్తాయి, ఏ పంక్తిలో కూర్చోబెట్టినా భోంచేసి పోయే దూరపు చుట్టాల్లాగా. లైట్లు మాత్రం కొత్తల్లుళ్లు. మర్యాద కాస్త తిరగబడిందా, వెలగవు. ఎందుకు వెలగవో చెప్పవు కూడా.

అందులోనూ పవర్ లైటుది ప్రత్యేకమైన పేచీ. క్యాబినెట్ వాడిచ్చిన తీగ కొసకి మూడు రంధ్రాలు, మధ్యది ఖాళీ. బోర్డు మీద చూస్తే రెండు పిన్నులూ పక్కపక్కనే. అమ్మ కాసేపు చూసి, గాజుకున్న పిన్నీసు తీసి చేతిలో పెట్టింది. దాంతో కొసకున్న బుల్లి ప్లాస్టిక్ నాలుకని పైకెత్తి, తీగని బయటికి లాగి, మధ్య గదిలోకి దూర్చాను. ఆ ఒక్క తీగకి ముప్పావుగంట. టీ చల్లారింది.

యూఎస్‌బీ కొస, ఆడియో కొస కవలలు. రెండింటికీ తొమ్మిదేసి పిన్నులు. లేని పిన్ను ఒకదానికి చిట్టచివర, ఇంకోదానికి చివరినుంచి రెండోది. అదొక్కటే పుట్టుమచ్చ. ఇక యూఎస్‌బీ 3ది 19 పిన్నుల మోటు కొస, పాము లాంటి లావు కేబులు. గట్టిగా నొక్కాను. ఒక పిన్ను వంగింది. ఊపిరి బిగబట్టి, కనుబొమలు తీసే పట్టకారుతో దాన్ని నిలబెట్టాను.

అన్నీ అయ్యాక పెద్ద బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మేనల్లుడికి వీడియో కాల్ చేసి, గోడు చెప్పుకుంటూ తువ్వాలుతో క్యాబినెట్ ముందువైపు తుడుస్తుంటే హఠాత్తుగా మిషన్ లేచింది. నా వేలు రీసెట్ బటన్ మీద ఉంది.

"పవర్ తీగ రీసెట్ పిన్నుల మీద పెట్టారు మావయ్యా."

లేచిన మిషన్ వెంటనే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కమంది. ప్రాసెసర్ మీది ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది పాపం. దాని తీగని క్యాబినెట్ ఫ్యాను చోట పెట్టానట. రేషన్ కార్డులో పేరు లేకపోతే ఎదురుగా నిలబడ్డ మనిషినైనా లేడంటారు కదా, అలాగ. అది మార్చాను.

"వెనక ఫ్యాను గాలి బయటికి పోతోందా మావయ్యా?" చూడ్డానికి అగరొత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగంతా లోపలికే పోయింది. ముందు ఫ్యానూ లోపలికే, వెనకదీ లోపలికే.

"కంప్యూటర్‌కి సాంబ్రాణి పడుతున్నావేంట్రా? దసరా ఇంకా రాలేదుగా" అంది అమ్మ.

ఫ్యానుకి వెనక అడ్డకర్రలున్న వైపునుంచే గాలి బయటికొస్తుందట. విప్పి తిప్పి బిగించాను. ఆ బటన్ తీగలు కూడా మార్చేద్దామంటే వాటి మీదుగా యూఎస్‌బీ 3 కేబులు పడుకుని ఉంది. అది పీకితే ఆ వంగిన పిన్ను... వద్దు. తలుపు బిగించేశాను.

అప్పట్నించీ మా ఇంట్లో ఆన్ చేయాలంటే రీసెట్ నొక్కాలి. పెద్ద బటన్ నొక్కితే నడుస్తున్న మిషన్ మొదటికొస్తుంది. అందుకే దాని మీద "నొక్కరాదు" అని చీటీ అంటించాను. ప్రవచనాలు పెట్టుకునే అమ్మకి ఈ ఏర్పాటు తప్పుగా తోచలేదు, చిన్నదే నొక్కుతుంది. మొన్న మా బావగారొచ్చారు, రిటైర్డ్ ఇంజినీరు. చీటీ చదివి, "ఎందుకు నొక్కకూడదయ్యా?" అంటూ నొక్కారు.

ఈ వ్యాసం అప్పటికి సగంలో ఉంది. సేవ్ చేయలేదు.