తలకు నప్పు గలదు: హోసూరు ఆటవెలది ఒకదానికి టీకాతాత్పర్యం

అవతారిక

తమిళనాడులోని హోసూరులో, సిప్కాట్ పారిశ్రామికవాడలో ఉద్యోగం చేసి రిటైరైన ఒక మదుపరి తన చీటీ పుస్తకం అట్ట వెనక పెన్సిలుతో రాసుకున్న పద్యమిది. పేరు బయటపెట్టవద్దన్నాడు. ఇన్‌కం టాక్సువాళ్లు పద్యాలు కూడా చదువుతారని ఆయన భయం. మూలంలో లేని ముక్క రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. కాళిదాసుకు టీక రాసేవాడికి అది చెల్లింది. మన కవి నాలుగు పాదాల్లో తమిళనాడు బడ్జెట్టంతా దాచిపెట్టాడు కనుక నాకు చెల్లదు.

మూలం

చీటి కట్టినాడు చిన్నక్క పెండ్లికి
సైటు కొన్నవాడు సరసు నడుమ
టైటనమ్ముకొనియె డబ్బుకు తొందరై
తలకు నప్పు గలదు తానెఱుగడు

ప్రతిపదార్థం

చిన్నక్క పెండ్లికి = రెండో అక్క పెండ్లి ఖర్చు కోసం; చీటి కట్టినాడు = నెలనెలా చీటీ సొమ్ము చెల్లించాడు; సరసు నడుమ = చెరువు మధ్యలో; సైటు కొన్నవాడు = ముప్పైకి నలభై స్థలం తీసుకున్నవాడు; డబ్బుకు తొందరై = రొక్కం అవసరం ముంచుకొచ్చి; టైటన్ అమ్ముకొనియె = గడియారాల కంపెనీ వాటాలు వదిలించుకున్నాడు; తలకున్ = నెత్తిమీద; అప్పు కలదు = బాకీ ఉంది; తాను ఎఱుగడు = ఆ సంగతి తనకే తెలియదు.

తాత్పర్యం

తెలిసి చేసిన పనులు మూడు, తెలియక మోస్తున్నది ఒకటి. మిగతాదంతా వ్యాఖ్యలో.

మొదటి పాదం

అక్క పెండ్లికి తమ్ముడు చీటీ కట్టడమేమిటి, తండ్రి ఏం చేస్తున్నట్టు అని పూర్వపక్షం. తండ్రి పెద్దక్క పెండ్లి చీటీ ఇంకా కడుతున్నాడని సమాధానం.

లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకు ఐదువేలు అనుకోండి. ముహూర్తం దగ్గరపడినవాడు ముప్పైవేలు వదులుకుని పాడుకుంటే చేతికి 70 వేలు వస్తాయి. నడిపేవారి కమిషన్ ఐదువేలు పోగా మిగిలిన 25 వేలు ఇరవై మందికీ తలా 1,250. కమిషన్ 5 శాతం దాటకూడదని 1982 నాటి చీటీల చట్టం అన్నది. 2019 సవరణ దాన్ని 7 చేసింది. పాటలో గెలిచినవాడే నష్టపోతాడు, నోరు మెదపనివాడికి లాభం. ఆలంకారికులు దీన్ని విరోధాభాసమంటారు. కవిగారి వీధి ఆడవాళ్లు మాత్రం తొందరపడ్డాడంటారు.

రెండవ పాదం

చెరువు నడుమ సైటు అనడం అతిశయోక్తి అనుకునేరు. కాదు, స్వభావోక్తి. లేఅవుటు వేసినప్పుడు నీళ్లుండవు. వాన వచ్చాకే చెరువు తన పట్టా చూపిస్తుంది.

ఇక్కడ ‘కొన్నవాడు’ అన్న భూతకాలం ముఖ్యం. అనుమతిలేని లేఅవుట్లలోని ప్లాట్లు రిజిస్టరు చేయరాదని 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు ఆపేసింది. మరుసటి ఏడు వచ్చిన క్రమబద్ధీకరణ నియమాలు 2016 అక్టోబరు 20ని గీతగా పెట్టాయి. ముందే కొన్నాడా, తర్వాతా? వ్యాకరణం తేల్చదు, పత్రం తేల్చాలి. అయినా నీటిలో ఉన్నదాన్ని ఆ నియమాలు కూడా గట్టెక్కించవు.

కవి చెప్పకుండా వదిలినది ఇంకొకటుంది. సైటు ఎవరు కొన్నా ఒక పాలుదారు ప్రతిసారీ పక్కన నిలబడి ఉంటాడు. స్టాంపు డ్యూటీ 7 శాతం, 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషను రుసుము 2 శాతం, వెరసి 9. స్థలం చేతులు మారినప్పుడల్లా సర్కారుకు తన పాలు ముడుతుంది. వాన పడినా దానికి నష్టంలేదు. హోసూరులో 2,000 ఎకరాల్లో ఏటా మూడు కోట్ల మంది ప్రయాణించే విమానాశ్రయం కడతామని 2024 జూన్ 27న శాసనసభలో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. ఆ సాయంత్రం నుంచే చుట్టుపక్కల ప్రతి సైటూ ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అయిపోయింది. దేనినుంచి పది నిమిషాలో లెక్కవేయడానికి ఎయిర్‌పోర్టు ఇంకా పుట్టలేదు. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించడం ఉత్ప్రేక్ష కనుక బ్రోకర్లను కవుల్లో చేర్చవచ్చు.

మూడవ పాదం

పదచ్ఛేదం రెండు విధాలు. ‘టైటన్ అమ్ము’ అంటే అమ్మేశాడు. ‘టైట నమ్ము’ అంటే నమ్మాడు. నమ్ముకున్నవాడూ అమ్ముకున్నవాడూ రాతలో ఒకేలా కనిపించడం మదుపరి జాతకం.

పోచంపల్లి ప్రతిలో ‘ఓలనమ్ముకొనియె’ అని పాఠాంతరం. మన కృష్ణగిరి జిల్లాలోనే ఓలా స్కూటర్ల కర్మాగారం ఉంది కదా, మన ఊరి షేరే కదా అని 2024 ఆగస్టులో 76 రూపాయలకు ఇష్యూలో వేసినవారు ఆ పాఠాన్ని ఆదరిస్తారు. అదే నెలలో అది 157 దాకా ఎగిరి, మరుసటి ఏడు 50 కిందికి దిగింది. కాని ‘ఓ’కు ‘డ’తో యతి కుదరదు. కాబట్టి ఆ పాఠం అగ్రాహ్యం. డబ్బు సంగతి అటుంచితే ఛందస్సయినా నిలవాలి.

మూలానికొద్దాం. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వానికి చెందిన టిడ్కో కలిసి పెట్టిన కంపెనీ టైటాన్. 1987 నాటికి హోసూరులో గడియారాలు తయారవుతున్నాయి. 2002, 2003 ప్రాంతాల్లో దాని షేరు వంద రూపాయల లోపే పలికింది. అప్పుడు వంద షేర్లు కొని ఊరకున్నవాడి కథ వినండి. 2011లో పది రూపాయల షేరును పదిగా చీల్చి, ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు. వంద కాస్తా రెండువేలయ్యాయి. 2024-25కు ఒక్కో షేరుకు డివిడెండు 11 రూపాయలు. అంటే 22 వేలు, కూర్చున్నచోటే. మన కవికి ఇదంతా తెలుసు, అందుకే పెన్సిలు ఆ పాదం దగ్గర కాస్త గట్టిగా దిగింది.

అసలు విశేషం వేరే. నలభై ఏండ్లలో అమ్ముకోనిది ఎవరు? సర్కారు. టిడ్కో చేతిలో ఇప్పటికీ 27.88 శాతం ఉంది. టాటాలందరి వాటా కలిపినా దానికన్నా తక్కువే. షేరు మూడువేలు అనుకున్నా ఆ వాటా విలువ 74 వేల కోట్లు దాటుతుంది. దుబారా, దూరదృష్టి లేదు అని రోజూ తిట్టించుకునే ప్రభుత్వం దలాల్ స్ట్రీట్ ఋషులకు పాఠం చెప్పేంత ఓపిక పట్టింది. అది ఓపికా, ఫైలు కదలకపోవడమా అని శంక. నా మటుకు రెండోదే అనుకుంటాను. చిన్నక్క లేనివాడికి అమ్ముకునే తొందర ఉండదు.

నాలుగవ పాదం

పద్యానికి ప్రాణమిది. ‘తలకు’ అనడంలో తలసరి లెక్క ధ్వనిస్తోంది. 2021 ఆగస్టు 9న అప్పటి ఆర్థికమంత్రి పళనివేల్ త్యాగరాజన్ శ్వేతపత్రం విడుదల చేసి, రాష్ట్రంలో ఒక్కో కుటుంబం మీద 2,63,976 రూపాయల అప్పు ఉందన్నారు. కవి ఆ పూట పేపరు చదివి, చీటీ పుస్తకంలో ఆ అంకె ఎక్కడా లేదని వెతుక్కున్నాడట. 2026 మార్చి ఆఖరుకు మొత్తం అప్పు 9,29,959 కోట్లవుతుందని 2025-26 బడ్జెట్టు అంచనా. కుటుంబాల సంఖ్య పాతదే పెట్టుకుంటే ఇంటికి 4 లక్షల 30 వేలు. టైటాన్ వాటా మొత్తం అమ్మి పోసినా దాదాపు పన్నెండో వంతే తీరుతుంది.

పన్నులు కడుతున్నాం కదా, అప్పెందుకని ఆక్షేపం. దీనికి సమాధానం హోసూరు పక్కనే తొరపల్లిలో 1878లో పుట్టింది. రాజాజీ 1937లో మద్రాసు ప్రధాని అయ్యాక మద్యనిషేధాన్ని మొదట సేలం జిల్లాలో పెట్టారు. హోసూరు అప్పుడు ఆ జిల్లాదే. సారాయి రాబడి పోయిన గండిని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. అలా సారాయికి బదులుగా వచ్చిన పన్ను ఉండిపోయింది, పోయిన సారాయి తిరిగొచ్చింది. ఇప్పుడు అమ్మకపు పన్ను స్థానంలో జీఎస్టీ ఉంది, సారాయి అంగడి టాస్మాక్ అయి 2023-24లో ఖజానాకు 45 వేల కోట్ల పైచిలుకు పోసింది. తాగేవాడూ తాగనివాడూ ఇద్దరూ కడుతున్నారు. అయినా చాలడం లేదు. తొరపల్లి పెద్దాయన చూస్తే ఏమనేవారో గాని, అకౌంటు మాత్రం ఒకటికి రెండైంది.

‘తానెఱుగడు’: ఎవరికి తెలియదు, ఏది తెలియదు? అప్పున్న సంగతి తెలియదని ప్రాచీన వ్యాఖ్య. అది చాలదు. మంగళవారం మంగళవారం రిజర్వు బ్యాంకు రాష్ట్రాల బాండ్లు వేలం వేస్తుంది. తక్కువ వడ్డీకి అప్పివ్వడానికి ఒప్పుకున్నవారికే బాండ్లు దక్కుతాయి, చీటీ పాటను తిరగేసినట్టు. అక్కడ కొనేవారెవరు? బ్యాంకులు, బీమా కంపెనీలు, భవిష్యనిధులు. కార్మికుల పీఎఫ్ సొమ్ములో 45 నుంచి 65 శాతం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లలో పెట్టాలని నియమం. మన కవి జీతంలో నెలనెలా కోసిన పన్నెండు శాతం, ఎల్ఐసీకి కట్టిన ప్రీమియం, ఆయన ప్రమేయం లేకుండానే ఆ పాటకు వెళ్లాయి. కాబట్టి అప్పు తీసుకున్నవాడి తల ఆయనదే, ఇచ్చినవాడి చేయి కూడా ఆయనదే కావచ్చు. నడుమ నడిపేవారికి చీటీల చట్టంలోని 7 శాతం హద్దు వర్తించదు.

ఈ వ్యాఖ్య చదివి వినిపిస్తే కవి చాలాసేపు అట్టవైపే చూసి, “అయ్యోరా, అట్లయితే నాకు వచ్చే పీఎఫ్ వడ్డీ నేనే కట్టుకుంటాండానా?” అన్నాడు. కొంత అవునన్నాను. “ఆ కొంత ఎంతో రాయండి, తీసుకుంటా.”

గద్య

ఇది హోసూరు పురవాస్తవ్యుడు, నిత్యచీటీవ్రతుడు, చెరువుసైటు స్వామి అగు అనామక మదుపరి విరచించిన ప్రథమ పద్యమునకు టీక. రెండవ పద్యం బంగారం మీద ఉందని కవి చెప్పాడు గాని, ఆ కాగితం కుదువ అంగట్లో నగల రసీదుతో కలిసిపోయింది. విడిపించాక వ్యాఖ్యానిస్తాను.