బడి గడప తొక్కకుండా ఎం.ఎడ్.

బీ.ఎడ్. అయిపోయింది. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో దేవుడికెరుక. ఖాళీగా కనిపిస్తే చుట్టాలు ఊరుకోరు, "మనవాడు ఏం చేస్తున్నాడు?" అని ఆరా తీస్తారు. దీనికి రెండేళ్లపాటు చెల్లే జవాబు ఒక్కటే: "ఎం.ఎడ్. చేస్తున్నా." ఇది ఒకప్పుడు ఏడాది చదువు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల పుణ్యమా అని 2015 నుంచి రెండేళ్లయింది. విద్యా సిద్ధాంతాలు, పరిశోధన నింపాదిగా చదువుకుంటారని వాళ్ల ఆశ. మనకైతే ఒక ఏడాది ఎక్కువ నిద్ర. ఈ కింది చిట్కాలు పాటించండి, పుస్తకమూ నలగదు, మీరూ నలగరు.

1. కాలేజీ చూసుకునేటప్పుడు లైబ్రరీ గురించి అడగొద్దు. అడగాల్సింది ఒక్కటే: "నాన్ అటెండింగ్ ఉందా సార్?" నిబంధనల్లో థియరీకి 80 శాతం, ఫీల్డు పనికి 90 శాతం హాజరు అని ఉంటుంది. బెదిరిపోకండి. అవి రిజిస్టరుకు పెట్టిన శాతాలు, మీకు కాదు. నెలకోసారి వెళ్లి, కూర్చున్న చోటే నెల సంతకాలన్నీ పెట్టేయండి. హడావుడిలో ఆదివారం గడిలో కూడా పెట్టేశారా? పక్కన "ప్రత్యేక తరగతి" అని రాయించండి. మీ శ్రద్ధకు మెచ్చుకుంటారు కూడా.

2. విద్యావేత్తల పేర్లు చాలు, వాళ్లు చెప్పింది అక్కర్లేదు. పియాజే అంటే నాలుగు దశలు. వైగాట్‌స్కీ అంటే జెడ్‌పీడీ. బ్లూమ్ అంటే 1956, ఆరు మెట్లు. ఇంతకు మించి తవ్వొద్దు. తవ్వితే పియాజే తన ముగ్గురు పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు బొమ్మ కోసం ఎలా వెతుకుతున్నారో, ఏ వస్తువును ఎలా పట్టుకుంటున్నారో చూసి రాసుకున్నాడని తెలుస్తుంది. తెలిస్తే మీ ఇంట్లో పిల్లల్ని కూడా గమనించాలనిపిస్తుంది. మొదటి సెమిస్టరులోనే అంత పని నెత్తిన వేసుకోవద్దు. గిజుభాయి 'పగటికల' ఎవరైనా చేతిలో పెడితే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. చూడ్డానికి చిన్న పుస్తకమే. చదివినవాడికి మర్నాడే నాలుగో తరగతిలోకి దూరి పిల్లలకు కథలు చెప్పాలనిపిస్తుంది. అలా చెడిపోయినవాళ్లు ఉన్నారు.

3. డిసర్టేషన్‌కు అంశం వెతకొద్దు, ఖాళీలు పూరించండి. "ఫలానా జిల్లాలో తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఫలానా దానిపై వైఖరి: ఒక అధ్యయనం." చరాలు మూడే: లింగం, ప్రాంతం, యాజమాన్యం. పరికల్పన తయారుగానే ఉంటుంది: "బాలబాలికల మధ్య సార్థక భేదం లేదు." మొదలుపెట్టక ముందే ఫలితం తెలిసిపోయే పరిశోధనే ఆరోగ్యకరం. "ఎందుకు" అన్న మాట ఉన్న అంశాన్ని గుమ్మంలోకి కూడా రానివ్వొద్దు. "ఈ పిల్లాడు భిన్నాలు రాగానే ఎందుకు బిగుసుకుపోతున్నాడు?" అని అడిగారంటే వాడి దగ్గర కూర్చోవాల్సి వస్తుంది.

4. సంబంధిత సాహిత్యం జిరాక్స్ షాపులో దొరుకుతుంది. పాత బ్యాచ్ డిసర్టేషన్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, నల్గొండ ఉన్నచోటల్లా గుంటూరు అని మార్చండి. ఎక్కడో 87వ పేజీలో ఒక నల్గొండ మిగిలిపోతుంది. ఎక్స్‌టర్నల్ వేలు పెట్టి చూపిస్తే తడబడకుండా, "అది తులనాత్మక అధ్యయనం సార్" అనండి. ఇక కాపీ లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉన్నా శిక్ష లేదు. 40 దాకా వెళ్తే ఆర్నెల్లలోపు తిరగరాసి ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే గల్లంతు. అందుకని విద్యార్థి ఉన్నచోట అభ్యాసకుడు, బోధన ఉన్నచోట బోధనాభ్యసన ప్రక్రియ అని పెట్టండి. అర్థం చచ్చినా శాతం తగ్గుతుంది. మనకు కావాల్సింది శాతమే.

5. శాంపిల్ సంగతి. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఒక పట్టిక ఇచ్చారు. దాని ప్రకారం పది లక్షల మందికి 384 మంది చాలు. కానీ 384 ప్రశ్నావళులు నింపాలంటే మన చేతులు పడిపోతాయి. 200 అనుకోండి. మిగతావాళ్లేరని అడిగితే "పరిమితులు" అనే శీర్షిక కింద "కాలం, ధనం పరిమితంగా ఉండటం వల్ల" అని రాసి ఉంచండి. విద్యా పరిశోధనలో ఇంతమందిని ఆదుకున్న వాక్యం మరొకటి లేదు.

6. దత్తాంశ సేకరణ శనివారం రాత్రి, భోజనాలయ్యాక, ఇంట్లోనే. హాల్లో చాప పరచండి. నాలుగు రంగుల పెన్నులు తెచ్చుకోండి. బావమరిదికి ప్రభుత్వ పాఠశాలల బాలురను, చెల్లెలికి ప్రైవేటు బాలికలను అప్పగించండి. లైకర్ట్ 1932లో ఇచ్చిపోయిన అయిదు గడుల్లో టిక్కు పెట్టుకుంటూ పోవడమే. అందరూ మధ్య గడిలోనే పెడితే దొరికిపోతారు, కాస్త అటూ ఇటూ చల్లండి. కొన్ని కాగితాలు నలపండి. రెండింటి మీద టీ చుక్క పడనివ్వండి. పిల్లల చేతిలో నలిగిన కళ వస్తుంది. పన్నెండు దాటాక బావమరిది కునుకు తీస్తూ ఒకే పిల్లాడి చేత "గణితం నాకు ఇష్టం", "గణితమంటే నాకు అసహ్యం" రెండింటికీ "పూర్తిగా ఏకీభవిస్తాను" అనిపిస్తాడు. దిద్దొద్దు. ఆ కట్ట మొత్తంలో నిజం పిల్లాడిలా ఉన్నవాడు వాడొక్కడే.

7. లెక్కలు మీరు చేయొద్దు. ఎస్‌పీఎస్‌ఎస్ తెలిసిన కుర్రాడికి డబ్బు కట్టి "0.05 స్థాయి వద్ద" అన్న మాట బట్టీ పట్టండి. టి-టెస్టు గురించి ఒక్క ముక్క మాత్రం తెలిసి ఉంటే మంచిది. దాన్ని 1908లో "స్టూడెంట్" అన్న మారుపేరుతో ప్రచురించిన గోసెట్, డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. అంటే మీ డిసర్టేషన్ మొత్తంలో స్టూడెంట్ అనేవాడు ఒక్కడుంటే, వాడు కూడా బీరు ఫ్యాక్టరీ మనిషే. దిగులుపడకండి.

8. హెడ్‌మాస్టరు ముద్ర కోసం ఒక్కసారి బడికి వెళ్లక తప్పదు. మధ్యాహ్న భోజనం వేళ వెళ్లండి, ఆయన తొందరలో ఉంటారు. వరండాలో ఏ కుర్రాడో చేతిలో పళ్లెంతో మీ కాగితాల్లోకి తొంగిచూసి, కూడబలుక్కుని చదివి, "ఏకీభవించడమంటే ఏంటి సార్?" అని అడగొచ్చు. జవాబు చెప్పొద్దు. చెబితే మీ నలభై అంశాలూ పిల్లలకు అర్థం కావని తేలిపోతుంది, మళ్లీ మొదటి నుంచి రాయాలి. "పోయి అన్నం తిను" అనండి. ముద్ర వేయించుకుని బండెక్కండి.

9. సూచనలు రాయడం చిటికెలో పని. "ఉపాధ్యాయులు అంకితభావంతో పనిచేయాలి. తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలి. ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి." మీరేం చేయాలో మాత్రం ఎక్కడా రాయొద్దు. అసలు చెమటంతా కృతజ్ఞతల పేజీకి దాచుకోండి. జనం చదివేది అదొక్కటే.

10. వైవా రోజు అట్ట మీద బంగారు అక్షరాలు తళతళలాడాలి. శాలువా, బొకే, బిర్యానీ వరసగా రావాలి. కష్టమైన ప్రశ్న పడితే, "భావి పరిశోధనలకు వదిలేశాను సార్" అనండి. బిర్యానీ చల్లారుతుంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

అభినందనలు. ఇప్పుడు మీరు టీచర్లకే పాఠం చెప్పే మనిషి. ఏదో ఒక బీ.ఎడ్. కాలేజీలో ఏటా యాభై మందిని మీకు అప్పజెబుతారు. వాళ్లలో ఒకడు మొదటిరోజే తలుపు దగ్గర నిలబడి, "సార్, నాన్ అటెండింగ్ ఉందా?" అంటాడు. పొంగిపోండి, శిష్యుడు దొరికాడు.

చివరగా ఒక్క జాగ్రత్త. మీ పిల్లాణ్ణి బడిలో వేసే రోజు, టీచరు బీ.ఎడ్. ఎక్కడ చేశారో మెల్లగా కనుక్కోండి. మీ కాలేజీ పేరు చెబితే మాత్రం పిల్లాడి చెయ్యి పట్టుకుని ఇంకో బడికి పదండి.