హన్మకొండలో హిమపాతం

డిసెంబరు మొదటి ఆదివారం హన్మకొండలో మంచు కురిసింది. వాతావరణ శాఖ గుర్తించలేదు. పేపర్ల జిల్లా పేజీల్లోనూ రాలేదు. సుబేదారిలో కురవలేదు, నక్కలగుట్టలో కురవలేదు. ఒక అపార్ట్‌మెంట్‌ మూడో అంతస్తులో, సోఫాకూ టీవీకీ నడుమ, నాలుగడుగుల మేర మాత్రమే కురిసింది. నేను కళ్లారా చూశాను. ఇంటికొచ్చి ప్యాంటు దులిపితే ఇంకా రాలింది. కరగలేదు. థర్మకోల్ కరగదు కదా.

మధ్యాహ్నం మూడవుతోంది. బయట ఎండ 30 డిగ్రీలకు దగ్గర్లో ఉంది. ఫ్యాను వేయమన్నాను. "వద్దన్నా, మంచు ఎగిరిపోతది" అన్నాడు మిత్రుడు. మంచు కింద కూర్చుని చెమటలు కక్కిన ఘనత ఆ రోజు నాకు దక్కింది.

ఆ మంచు పడ్డది ఆరడుగుల చెట్టు మీద. అది అట్టపెట్టెలో ముడుచుకుని వచ్చింది. పెట్టెలోంచి తీసి, గొడుగు విప్పినట్టు కొమ్మలు విప్పితే చెట్టయింది. కింద రంగుకాగితాలు చుట్టిన కానుకల డబ్బాలు. పిల్లవాడు ఒకటి ఊపి చూస్తే లోపల ఏమీ లేదు. "అవి డెకరేషన్ కోసం, తెరవొద్దు" అని తల్లి కసిరింది. మిత్రుడి కుటుంబానికి చర్చితో సంబంధం లేదు. కూతురు రీల్ తీయాలంది, చెట్టొచ్చింది. అంతే.

వాళ్లను మాత్రమే అనడం అన్యాయం. మా చుట్టాల ఇళ్లలో, ప్రతి ఆదివారం తప్పక చర్చికి వెళ్లేవాళ్ల ఇళ్లలో, ఇంతకంటే ఎక్కువే మంచు పడుతోంది. ముందే చెప్పేస్తాను, నేను పండుగ గిట్టనివాణ్ని కాను. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఫాతిమానగర్ చర్చి గంటకు నిద్రలేచినవాణ్ని. క్రిస్మస్ నా పండుగే. నా తగాదా దీపాలతో కాదు. ఆ దీపాలు ఎటు తిరిగి వెలుగుతున్నాయన్నదానితో.

అసలు ఈ చెట్టు కథేమిటో చూద్దాం. లూకా పశువుల తొట్టి గురించి రాశాడు. మత్తయి నక్షత్రం గురించి రాశాడు. యేసు పుట్టుక కథలో చెట్టు గురించీ, మంచు గురించీ, దుప్పులు లాగే బండి గురించీ ఇద్దరూ ఒక్క ముక్క రాయలేదు. చెట్టు జర్మన్ల ఇంటి ఆచారం. వాళ్ల చలిలోనూ అది పచ్చగా మిగులుతుంది కనుక దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నారు, సబబే. లోకమంతా పాకడానికి ఊపిచ్చింది మాత్రం ఒక బొమ్మ. 1848లో లండన్‌లోని ఒక సచిత్ర వారపత్రిక విక్టోరియా రాణి, ఆమె జర్మన్ భర్త ఆల్బర్ట్, పిల్లలు అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ అచ్చువేసింది. రాణిగారింట్లో ఉన్నది మనింట్లో లేకపోతే ఎలా అని ఇంగ్లండ్ ఎగబడింది. రెండేళ్లకు ఒక అమెరికా పత్రిక అదే బొమ్మను రాణి కిరీటమూ ఆల్బర్ట్ మీసాలూ చెరిపేసి, మా అమెరికా కుటుంబమేనన్నట్టు వేసుకుంది. ఫోటోను ఫిల్టర్‌తో మార్చి మనదిగా పెట్టుకునే విద్య మన పిల్లలు కనిపెట్టారనుకుంటున్నాం. 1850లోనే ఉంది.

కరెంటు దీపాల కథా ఇలాంటిదే. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ కంపెనీ మనిషి ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు 80 ఎరుపు, తెలుపు, నీలం బల్బులు చుట్టి, విలేకర్లను పిలిచి చూపించాడు. బల్బులు అమ్మే కంపెనీ పెద్ద బల్బుల చెట్టు పెట్టాడంటే అది భక్తో బేరమో మీరే తేల్చుకోండి. ఇక 1930లలో ఒక బ్రష్షుల కంపెనీ, బ్రష్షులు చేసే యంత్రాల మీదే కృత్రిమ చెట్లు చేయడం మొదలుపెట్టింది. ఈసారి మీ చెట్టు కొమ్మను దగ్గర్నుంచి చూడండి. అచ్చం అలాంటిదే ఇంట్లో ఇంకోచోట, తలుపు వేసి ఉండే గదిలో, మూలన నిలబడి ఉంటుంది.

చెట్టుకు వేలాడే డబ్బీ ఒకటుంది. బటన్ నొక్కితే దీపాలు ఎనిమిది రకాలుగా మిణుకుమంటాయి, 'జింగిల్ బెల్స్' కీచుమంటుంది. ఆ పాట 1857లో అమెరికాలో అచ్చయింది. మంచు మీద గుర్రపుబండి షికారు గురించిన పాట. అందులో యేసు లేడు, క్రిస్మస్ అన్న మాటా లేదు. కాజీపేట చౌరస్తాలో షేరాటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ప్రయాణించేవాడికి గుర్రపుబండి షికారు దేవుడి పాట ఎలా అయిందో ఆ డబ్బీనే అడగాలి. అది పెద్ద శబ్దంతో అదే పాట మళ్లీ పాడుతుంది.

ఈ మంచు మోజులో నాకు అన్నిటికంటే నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది, దూది. బడుల్లో సెలవుకు ముందు రోజు ఎర్రకోట్లు తొడిగి, దూది గడ్డాలంటించి, పిల్లల్ని క్రిస్మస్ తాతల్ని చేస్తారు. మధ్యాహ్నానికి చెమటకు గడ్డం జారి మెడలోకి వస్తుంది. ఇళ్లలో చెట్టు మీద మంచుకూ దూదే పరుస్తారు. మందుల దుకాణంలో నీలం కాగితం చుట్టిన కట్ట, లేదంటే పెట్టెతోపాటు వచ్చిన పాలిస్టర్ పోగు. ఇదెక్కడ జరుగుతోంది? వరంగల్‌లో. డిసెంబరులో. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మనం చెప్పుకునే ఎనుమాముల యార్డుకు పత్తి బండ్లు వరస కట్టే నెలలో.

2025–26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతానికి మించకుంటేనే ఆ ధర పూర్తిగా వస్తుంది. 12 దాటితే కేంద్రపు పత్తి సంస్థ కొనదు. రైతు పత్తిని ఎండబోసి, ఎత్తి, మళ్లీ ఎండబోసి, తేమ మిషను ఎంత చూపిస్తుందోనని గుండె చిక్కబట్టుకుని నిలబడతాడు. అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో మన డ్రాయింగ్ రూముల్లో, అతని పత్తిని పోలిన పాలిస్టర్ చైనాలోని ఈవూ నుంచి ఓడెక్కి వచ్చి, చెట్టు మీద దర్జాగా పడుకుంటుంది. దాని తేమ ఎంతని అడిగినవాడు లేడు. 1934లో ఇక్కడే పుట్టిన ఆజంజాహి బట్టల మిల్లు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఓరుగల్లు పత్తి ఊరికి పాలిస్టర్ మంచు దిగుమతి. దీన్ని అభివృద్ధి అనాలంటే నిజంగానే మంచు కురవాలి.

ఇక్కడికి చదివి చప్పట్లు కొడుతున్నవారు కొందరుంటారు. వాళ్లకు రెండు మాటలు. ప్రతి డిసెంబరులో మా అపార్ట్‌మెంట్‌ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం దిగుతుంది: విదేశీ చెట్టు మన సంస్కృతి కాదు, కరెంటు దుబారా, మేలుకో తెలుగోడా అని. పంపిన పెద్దమనిషి బాల్కనీకి దీపావళినాడు కట్టిన సీరియల్ సెట్టు ఇంకా వేలాడుతూనే ఉంది. విప్పడానికి బద్ధకం. దాని పెట్టె మీద ఏ దేశం పేరుందో ఆయన చూడలేదు. దుబారా లెక్క కూడా చూద్దాం. ఉత్తర తెలంగాణకు కరెంటు పంచే సంస్థ ప్రధాన కార్యాలయం మన హన్మకొండలోనే ఉంది గనక లెక్క తప్పితే నామోషీ. పది వాట్ల ఎల్‌ఈడీ సెట్టు రోజుకు ఆరు గంటల చొప్పున 30 రోజులు వెలిగితే కాలేది 1.8 యూనిట్లు. ఆయన గీజరు రెండు పూటల్లో అంతకంటే ఎక్కువ తాగుతుంది. సీరియల్ సెట్టుకు మతం లేదు సారూ. భాద్రపదంలో వినాయకుడి పందిట్లో వెలిగిందే, కాజీపేట దర్గా ఉర్సులో వెలుగుతుంది, మాఘంలో పెళ్లింటి గేటుకు ఎక్కుతుంది. అది మనకంటే మర్యాదస్తురాలు. ఎక్కడ కట్టినా వీధివైపే వెలుగుతుంది.

చెట్టును పండుగకు పిలవడమూ మనకు కొత్త కాదు. మేడారంలో సమ్మక్క జాతరకు వనం తెచ్చి గద్దె మీద నిలుపుతారు. దసరానాడు జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతాం. ఆ ఆకు మనింట్లో దాచుకోవడానికి కాదు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవడానికి. బతుకమ్మను ఇంట్లో పేర్చినా ఆడేది వాకిట్లో, వేయిస్తంభాల గుడి ముందర, పద్మాక్షి గుట్ట కింద. చివరికి నీళ్లలో కలపడానికే అంత అందంగా పేరుస్తారు. కార్తీకంలో ఆకాశదీపం స్తంభం మీదికెక్కుతుంది, దూరానికీ కనబడుతుంది. ఈ నేల మీద పండుగ దీపానికీ, పువ్వుకూ, ఆకుకూ ఉన్న నియమం ఒక్కటే: గడప దాటాలి.

మా కాజీపేట క్రిస్మస్ స్టారు కూడా ఆ కులానిదే. డిసెంబరు రాగానే నాన్న వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, అయిదు మూలల చట్రం చేసేవాడు. అమ్మ మైదాపిండి లై ఉడికించేది. రంగు గ్లాసు పేపరు మేం అంటించేవాళ్లం. సగం చట్రానికి, సగం మా జుట్టుకు. లోపల 40 వాట్ల బల్బు. దాన్ని గుంజకు కట్టి ఇంటి కప్పుకంటే ఎత్తున నిలబెట్టేవాళ్లం. వైరుకు ప్లగ్గు ఉండేది కాదు. రెండు కొసలు సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చేవాళ్లం. యేసు పుట్టుక కోసం మేం పైకి పోకుండా ఉండటం ఆయన మొదటి మహిమ.

తర్వాత సీరియల్ బల్బులొచ్చాయి. 230 వోల్టులను ముప్పై నలభై బల్బులు వరసగా పంచుకునేవి. ఒక్కటి మాడితే అన్నీ ఆరిపోయేవి. ఆ ఒక్కదాన్ని వెతకడానికి నాన్న టెస్టరు పట్టుకుని కూర్చుంటే, పక్క క్వార్టరు ముస్లిం చాచా కళ్లజోడు పెట్టుకుని వచ్చి చేయి కలిపేవాడు. వరసలో ఒక్కరు ఆరిపోతే అందరికీ చీకటే అన్న సంగతి, ఏ ప్రసంగమూ చెప్పనంత గట్టిగా ఆ తీగ చెప్పింది. ఇప్పటి చాలా సెట్లలో ఒకటి పోయినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి. పోయిందెవరో ఎవరికీ తెలియదు. బాగుంది, అపార్ట్‌మెంట్‌కు తగ్గట్టే ఉంది.

ఆ స్టారు అందం కోసమే కట్టింది కాదు, దానికి పని ఉండేది. రైల్వే క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రాత్రి పదకొండింటికి డోలక్, కంజిర పట్టుకుని పాటలు పాడుతూ వచ్చే చర్చి కుర్రాళ్లకు ఏ తలుపు కొట్టాలో స్టారు చెప్పేది. డ్యూటీ దిగి చీకట్లో వచ్చే డ్రైవరుకు చాయ్ దొరికే ఇల్లేదో చెప్పేది. గారెలూ అరిసెలూ పళ్లెంలో పెట్టుకుని ఇరుగుపొరుగుకు మేం పోయేముందే వాళ్లకు కబురు చేరవేసేది. ఒక్క వెలుగు, మూడు ఉద్యోగాలు. ఇప్పుడు హాల్లో నిలబడ్డ చెట్టుకు ఒకటే ఉద్యోగం, ఫోనుకేసి చూడటం.

పోయిన ఏడాది డిసెంబరు 23 రాత్రి మా గేటు దగ్గర డోలక్ చప్పుడు వినబడింది. కిందికి దిగేసరికి సెక్యూరిటీ కుర్రాడు రిజిస్టరు తెరిచి పాటల వాళ్లను అడుగుతున్నాడు: "ఏ ఫ్లాటు? ఎవరు రమ్మన్నరు? యాప్‌ల పర్మిషన్ రాలే." వాళ్లు తలెత్తి చూశారు. అయిదంతస్తుల్లో కనీసం తొమ్మిది చెట్లు వెలుగుతున్నాయి, అన్నీ కర్టెన్ల వెనక. తొమ్మిదింట్లో వాళ్లకోసం వెలిగేది ఏదో ఎలా తెలుస్తుంది? బయటికి కనిపించేది ఒకే ఒక్క స్టారు, సెల్లారులో పైపుకు వేలాడుతోంది. వాచ్‌మన్ పిల్లలు కట్టుకున్నది. పాటల వాళ్లు అక్కడికే పోయారు, స్కూటర్ల మధ్య నిలబడి పాడారు. వాచ్‌మన్ భార్య స్టీలు గ్లాసుల్లో చాయ్ ఇచ్చింది. గ్లాసులు ఆరే ఉన్నాయి, మనుషులు పన్నెండు మంది. వంతులవారీగా తాగారు.

నేనూ అక్కడే నిలబడి విన్నాను. పైన మా ఇంట్లోనూ చెట్టుంది, మా వాడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. మంచు కూడా ఉంది. ఇంతసేపూ ఊరందరినీ తిట్టిన పెద్దమనిషి ఇంటి కర్టెన్ కూడా వేసే ఉందని ఒప్పుకోవడం ధర్మం.

కనక తీర్పు ఇది. చెట్టు కొన్నారు, పారేయకండి, ప్లాస్టిక్ పారేస్తే ఇంకా పాపం. కర్టెన్ తీయండి. థర్మకోల్ ఊడ్చి ఫ్యాను వేయండి. దూది కావాలంటే ఎనుమాములకు పోయి పత్తి రైతును అడగండి, గంపెడిస్తాడు, తేమ కూడా చూసుకోవచ్చు. కానుకల డబ్బాల్లో ఏదో ఒకటి పెట్టండి, తెరిచే పిల్లలు సెల్లారులోనూ ఉన్నారు. ఒక్క స్టారు మాత్రం బాల్కనీ చువ్వలకు, వీధివైపు కట్టండి. గేటు రిజిస్టరులో మీ ఫ్లాటు నంబరు ముందే రాయించండి, డోలక్ వాళ్లు వస్తే పైకి పంపమని. చాయ్ గ్లాసులు పన్నెండు దగ్గర పెట్టుకోండి.

అగ్గిపుల్లలు మాత్రం గుచ్చకండి. వైరుకు ప్లగ్గు పెట్టించుకోండి.