కంచుభక్త మహాశయుడు

కొబ్బరిచెట్టు లేని పెరడును, కంచుభక్తుడు లేని వీధిని కోనసీమలో వెదకి చూపుట దుర్లభము. అమలాపురములో ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు; రాజోలులో తోటలు గల రైతు; కొత్తపేటలో దస్తావేజులు వ్రాయు లేఖరి. వృత్తి యేదైనను, స్టీలు కంచము కంటబడగానే మొగము చిట్లించుటలో ముగ్గురిదియు ఒక్కటే సంప్రదాయము.

అతిథిని కూర్చుండుమనుటకు పూర్వమే ఆయన మండువాలోని గుండిగల కడకు తోడ్కొనిపోయి, ఇది తాతగారి పెండ్లినాటి దనియు, అది అజ్జరములో చేయించి వశిష్ఠ దాటించి తెచ్చిన దనియు వివరించుచు, కిలోలు వచ్చి యెన్నియేండ్లైనను తూకము మాత్రము వీశెలలోనే సెలవిచ్చుదురు. పిమ్మట కంచు కంచమును కొనవ్రేళ్లపై నిలిపి, అంచును గోటితో మీటి, ఆ నాదము పూర్తిగా ఆరిపోవువరకు కన్నులు మూసికొని యుండి, “విన్నారా? అసలు సరుకంటే అదండి. అదే స్టీలైతే ఠప్పుమంటాది, ఆయ్!” అందురు.

నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరము కలసిన ఆ లోహములో భుజించువారికి జీర్ణశక్తి మొదలు జ్ఞాపకశక్తి వరకు సమస్తమును వృద్ధిపొందునని ఆయన సిద్ధాంతము. ఆయన చెప్పువానిలో రాగిచెంబు నీటిని శుద్ధిచేయునను మాట బొత్తిగా కట్టుకథ కాదు: రవ్వంత రాగి కరగిన నీటిలో నాచు చచ్చుటను కార్ల్ నేగెలీ పరిశోధన 1893లోనే వెల్లడింపగా, రాత్రంతయు రాగిపాత్రలో నిలిచిన నీటిలో రోగకారక సూక్ష్మజీవులు నశించునని తరువాతివారు నిరూపించిరి. అయితే కళాయి పోయిన ఇత్తడిలో పులుపు పడినచో చిలుమెక్కి కడుపులో త్రిప్పునను రెండవ సత్యము ఆయన ఉపన్యాసమున చోటు దొరకక వంటయింటిలో తలదాచుకొన్నది. అందుచేతనే పనసపొట్టు కూరకు స్టీలు మూకుడును, పులుసునకు రాచ్చిప్పయు గృహిణి శాసనము. కళాయివాడు వీధిలో కొలిమి పెట్టి, నవాసారము చల్లి, తగరము పూసి, తళతళలాడు గిన్నెను చేతికిచ్చి కూలి యడుగువేళ ఆయన ఆరోగ్యదీక్ష బేరములోనికి దిగి, వాడు రెండడుగులు వేసి వెనుదిరిగిన పిమ్మటగాని తెమలదు.

సంక్రాంతికి ముందు ఆ గంగాళములు, మరచెంబులు, గుండిగలు నూతిగట్టున కొలువుదీరును. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు చేతబట్టి యిల్లాలు తోముచుండగా, పడకకుర్చీనుండి ఆయన, “తోమడం కూడా వ్యాయామమేనే. భుజాలకి మంచిది” అని శాస్త్రము వినిపింతురు. “డాక్టరుగారు వ్యాయామం చెప్పింది మీకు కదండీ? ఇలా వచ్చి ఈ గంగాళం పట్టండి” అని సమాధానము వచ్చుటయే తడవుగా, అంబాజీపేటలో కొబ్బరిధర కనుగొనవలసిన అత్యవసరము ఆయనకు స్ఫురించును.

ఇంతటి నిష్ఠాపరుడును కాఫీ మాత్రము ఇత్తడి గ్లాసులో త్రాగరు. అది ముందు చేతిని, తరువాత పెదవిని కాల్చును. పింగాణీ కప్పు చేతనుండగా పట్టుబడినపుడు రవ్వంతయు తడబడక, “కాఫీ మన ఋషులు తాగింది కాదండి. దానికి దొరగారి కప్పే శాస్త్రం, ఆయ్!” అని మరియొక గుక్క సేవింతురు.