వేడినీళ్ళు పోస్తే పోతుందంటారు

పిండివంటలయ్యాక మూకుడులో మిగిలిన నూనెను ఏం చేయాలని అడగండి, ప్రతి ఇంట్లోనూ ఒక చిట్కా సిద్ధంగా ఉంటుంది. వాటిలో అందరికీ తెలిసినదే అన్నిటికన్నా చెడ్డది: "సింకులో పోసేసి, వెనకాలే చెంబుడు వేడినీళ్ళు పొయ్యి. పోతుంది."

పోతుంది, సింకు కింద వంపు గొట్టం దాటేదాకా. ఆ తర్వాత నీళ్ళు చల్లారతాయి. నెయ్యి, డాల్డా, పామాయిలు అక్కడే గొట్టం లోపల పేరుకుంటాయి. వేరుశనగ నూనె గడ్డకట్టదు కదా అనకండి. అది జిడ్డుగా అంటుకుని, వెనక వచ్చే మెతుకునూ టీపొడినీ పట్టుకుంటుంది. మురుగులో కొవ్వు విడిపోయి, అక్కడి కాల్షియంతో కలిస్తే సబ్బులాంటి గట్టి ముద్ద తయారవుతుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద అలాంటి ముద్ద 250 మీటర్ల పొడవున, దాదాపు 130 టన్నుల బరువున బయటపడింది. తొలగించడానికి వారాలు పట్టింది.

ఒకప్పుడు మేం అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆ ఏడు మాకు మైల, సంక్రాంతి పండగే లేదు. భోగి నాటి సాయంత్రం పై నాలుగు అంతస్తుల అరిసెల జిడ్డు, కుడుము ముక్కలతో సహా, మా సింకులోంచి ఉబికి వంటిల్లంతా పరుచుకుంది. పైవాళ్ళు నిర్లక్ష్యం చేసినవాళ్ళు కారు. అందరూ శ్రద్ధగా వేడినీళ్ళు పోసినవాళ్ళే.

గిన్నెల సబ్బు ధారాళంగా పోస్తే కరుగుతుందన్నది ఇంకో సలహా. సబ్బు జిడ్డును కాసేపు నీటిలో తేలుస్తుంది. ముందుకు పోయాక నీళ్ళు ఎక్కువై, జిడ్డు మళ్ళీ విడిపోతుంది. వంటసోడా, వెనిగర్ కలిపితే వచ్చే నురుగు చూడటానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, పేరుకున్న కొవ్వును కదిలించే బలం మిగలదు. కూరగాయల తొక్కల్ని మిక్సీలో మెత్తగా తిప్పి సింకులో పోయమనేవాళ్ళూ ఉన్నారు. ఆ గుజ్జు గొట్టం అడుగున మడ్డిలా కూర్చుంటుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది యాసిడ్ సలహా. అప్పటికే సింకులో వేసిన బ్లీచింగ్ పౌడరు మీద యాసిడ్ పడితే క్లోరిన్ పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. యాసిడ్ పోసినా గొట్టం తెరుచుకోలేదనుకోండి, దాన్ని విప్పడానికి వచ్చే మనిషి చేతుల మీద పడేది ఆ యాసిడే. వీధిలో మూసుకుపోతే ఇప్పటికీ కొన్నిచోట్ల మ్యాన్‌హోలులోకి మనిషినే దించుతున్నారు. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం నేరమని 2013 నాటి చట్టం చెబుతోంది. మురుగుకాలువలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లోపల విషవాయువులుంటాయని తెలిసీ, గరిటెడు నూనెను అటు పంపడం నాకు సహించదు.

మరి చేయాల్సిందేమిటి? మూకుడు చల్లారనిచ్చి, కడిగేముందు పాత న్యూస్‌పేపరుతో తుడవండి. ఆ కాగితం చెత్తబుట్టలోకి. కొంచెం నూనె మిగిలితే రంపపు పొట్టులోనో తవుడులోనో పీల్పించి పారేయవచ్చు. ఎక్కువైతే వడకట్టి సీసాలో పోసి ఉంచాలి. వాడిన నూనెను బయోడీజిల్‌గా మార్చేందుకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో రూకో పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది. మీ ఊళ్ళో సేకరించేవాళ్ళుంటే వాళ్ళకివ్వండి. ఇక మిగతావాటి సంగతి. మా అమ్మమ్మ వాళ్ళింట్లో గంజి, బియ్యం కడుగు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి వెళ్ళేవి, గేదె తాగేది. అపార్ట్‌మెంటులో గేదె లేదు గానీ కడుగునీళ్ళకు కుండీలున్నాయి, తొక్కలకు తడిచెత్త బుట్ట ఉంది.

సీసా మీద మాత్రం "వాడిన నూనె" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఒకసారి మా అత్తయ్య పప్పు తాలింపుకు దాన్నే తీసి మూత విప్పారు.