పసుపునైతే విరిచి చూస్తారు

నిజామాబాద్ యార్డులో మోర్తాడ్ రైతు పసుపు రాశి పోస్తే, వ్యాపారి కొమ్ము విరిచి లోపలి రంగు చూశాకే ధర చెబుతాడు. అదే రైతు కారు 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిపోయి షోరూముకు చేరిందా, బానెట్ ఎత్తకముందే ఎస్టిమేటు! ‘ఈసీఎం, అంటే ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్, పోయింది సార్, మొత్తం మార్చాలె.’ బ్యాటరీ టెర్మినల్ వదులైందేమో అంటే, కంప్యూటర్ అబద్ధమాడదట. ఆడదు, నిజమే. బ్యాటరీ ఓల్టేజీ పడిపోయినా అది బోలెడు ఎర్రర్ కోడ్‌లు చూపిస్తుంది. వాటిని బిల్లుగా మార్చేది మనిషి. లోపలికి పోయి చూద్దామంటే ‘కస్టమర్లకు ప్రవేశం లేదు’ బోర్డు. కోడ్ ప్రింటు అడగండి, పాత పార్టు ఇమ్మనండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అని కాస్త పైకే అనండి. చచ్చిన ఈసీఎం ఒక్కోసారి అక్కడికక్కడే లేచి కూర్చుంటుంది. లేపినందుకు లేబర్ చార్జీ వేరే!